ముందు పెన్ను చూడండి మాస్టారూ

ప్రశ్న: నెల్లూరు జిల్లాలో హైస్కూలు తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు చెన్నైలో, మేడవాక్కంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. చిన్నప్పటి నుంచీ నాకు ఇంకు పెన్నుల పిచ్చి. ఇక్కడి తెలుగువాళ్ళు ఇంకు పెన్నుల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే మావాడే నన్ను అందులో చేర్పించాడు. కొత్త పెన్ను కొన్నా, కొత్త ఇంకు నింపినా ఒక పేజీ రాసి ఫొటో పెట్టడం అక్కడి అలవాటు. ఆ పేజీల్లో తెలుగు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒత్తులుండవు, శషసల తేడా ఉండదు. ఇన్నేళ్ళు చేసిన పనే కదా అని ఫొటోల మీద ఎర్ర గీత పెట్టి దిద్ది పంపేవాణ్ణి. మొదట్లో కొందరు థాంక్స్ కూడా చెప్పారు.

పోయిన నెల అంబత్తూరులో లేతు మిషన్ మీద పనిచేసే ఓ కుర్రాడు తను తయారు చేసిన పెన్నుతో ఓ పేజీ రాసి పెట్టాడు. అందులో ఐదు తప్పులకు సున్నాలు చుట్టి పంపాను. కొందరు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. అతను 'సారీ సార్' అన్నాడు. అంతే, మళ్ళీ ఒక్క ముక్క తెలుగులో రాయలేదు. అడ్మిన్ అమ్మాయి నాకు విడిగా ఫోన్ చేసి, 'అంకుల్, ఇక మీదట గ్రూపులో భాష గురించి ఎవరికీ ఏమీ చెప్పకండి' అంది. నేను ఎగతాళి చేయలేదు. అతనే కదా 'తప్పులుంటే క్షమించండి' అని రాసింది? తప్పును తప్పనడం తప్పా? ఇలా వదిలేసుకుంటూ పోతే చెన్నైలో తెలుగు మిగులుతుందా? గ్రూపు నుంచి బయటికొచ్చేద్దామనుకుంటున్నాను. ఫొటో జత చేస్తున్నాను. మీరే చెప్పండి.

సమాధానం:

మాస్టారూ, నమస్కారం.

ఇలాంటి ఉత్తరం వస్తే తప్పులెన్నే వాళ్ళ మీద ఓ పద్యం చదివి పంపించేయడం తేలిక. ఆ పద్యం మీరు పిల్లల చేత వందల సార్లు వల్లె వేయించి ఉంటారు, నేను మళ్ళీ మీకు అప్పచెప్పడం బాగోదు. పైగా మీరు అడిగిన దాంట్లో సగం న్యాయముంది. తప్పు తప్పే. దాన్ని ఒప్పు అనమని నేను చెప్పను. తప్పులు పట్టడమే నాకు ఏళ్ళ తరబడి కూడు పెట్టిన పని. మాది ప్రూఫులు దిద్దే ఉద్యోగం, అంటే అచ్చుతప్పులను, మా ఆఫీసులో సరదాగా అనుకున్నట్టు 'అప్పుతచ్చుల'ను ఏరే పని. కాబట్టి ఎర్ర కలం పట్టుకున్న చెయ్యి ఊరికే ఉండలేదని నాకు తెలుసు.

మీరు పంపిన ఫొటో చాలాసేపు చూశాను. పేజీలో ఉన్నది ఇది:

'ఇది నేను లేతు మీద చేసిన మొదటి పెన్ను. మా తాత పెన్ను చూసి చేసినాను. ఆయన ఙాపకం. ఇంకు దారాళంగా వస్తా ఉండాది. తెలుగులో రాయడం చాలా సంతోశం. తప్పులుంటే క్షమించండి.'

పేజీ పక్కన పెన్ను పెట్టాడు. నల్లటి ఎబొనైట్, మధ్యలో గోధుమరంగు చారలు. మూత మీది క్లిప్పు ఒక పిసరు పక్కకు ఉంది. మూత బిగించిన చోట మాత్రం అతుకు కనపడదు. ఎబొనైట్ అంటే రబ్బరుకు గంధకం పట్టించి గట్టిపరచిన సరుకు. లేతు మీద తరుగుతుంటే గంధకం వాసన గుప్పుమంటుంది, నల్లటి పొడి రాలి చేతులకీ చొక్కాకీ పట్టుకుంటుంది. కడ్డీకి లోపల తొలిచి, బయట చెక్కి, మూతకీ ఒంటికీ మరలు కోసి, అవి ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చునేలా చెయ్యాలి. డ్రాపరుతో ఇంకు నింపే పెన్నయితే మరల దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా జేబు నీలమైపోతుంది. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. మొదటి పెన్నే ఇలా కుదరడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఆ 'దారాళంగా' అన్న మాటను ఫోను మీద పెద్దది చేసి చూడండి. గీత ఎక్కడా తెగలేదు. 'ళ' మెలిక తిరిగే చోట ఇంకు ఒక చుక్క ఎక్కువ దిగి రంగు చిక్కబడింది. పాళీకి ఇంకు సరిగ్గా అందుతోంది అనడానికి అంతకన్నా రుజువు ఉండదు. ఇంకు ధారాళంగా వస్తోందని ధారాళంగా వస్తున్న ఇంకుతో రాసి చూపించాడు ఆ కుర్రాడు. మీ ఎర్ర సున్నా సరిగ్గా ఆ మాట చుట్టూనే ఉంది.

ఆ మాటలో అతను తప్పింది ఒక్క ఒత్తు. 'ళ' మాత్రం తప్పలేదు చూశారా? మన ఊళ్ళలో తెలుగు మీడియంలో చదివినవాళ్ళే చాలామంది అక్కడ 'ల' పెట్టేస్తారు. అతనికి ఆ 'ళ' తమిళం నుంచి వచ్చింది. తమిళంలో 'తారాళం' అని ఉంది, అందులో 'ళ' నిక్కచ్చిగా పలుకుతారు, రాస్తారు. ఒత్తు రాకపోవడానికి కారణమూ తమిళ బడే. అక్కడ త, థ, ద, ధ నాలుగింటికీ కలిపి ఒకటే అక్షరం. క, ఖ, గ, ఘ లకూ అంతే. బళ్ళో 'త' అని నేర్చుకున్న చోట ఇంట్లో విన్న మాటను బట్టి 'ద' రాయగలిగాడంటేనే సగం దారి తనంతట తను నడిచాడన్నమాట. మిగిలిన సగం ఒత్తు. దాన్ని చెవి పట్టుకోదు, కన్ను పట్టుకోవాలి. చదవగా చదవగా వస్తుంది.

అతని వయసెంతో మీరు రాయలేదు. కుర్రాడు అన్నారు కాబట్టి పాతికకు అటూ ఇటూ ఉంటాడనుకుంటున్నాను. అదే నిజమైతే అతను సరిగ్గా మలుపులో పడ్డ పిల్లవాడు. తమిళనాడులో 1968 నుంచి ప్రభుత్వ బళ్ళలో రెండు భాషల విధానమే. ఆ పైన 2006లో వచ్చిన చట్టంతో, 2006-07లో ఒకటో తరగతిలో చేరిన పిల్లల నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఒక్కో ఏడాదీ ఒక్కో తరగతి పైకి జరుగుతూ వచ్చి ఆ మొదటి జట్టు 2016లో పదో తరగతి పరీక్షలు రాసింది. అంతకు ముందు తెలుగు మొదటి భాషగా పదో తరగతి దాకా చదివే వీలుండేది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ పెట్టను. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన భాష చూసుకుంటుంది, మనం ఆంధ్రలో కోరేదీ అదే. నేను చెప్పేదల్లా, ఆ పిల్లవాడికి గుణింతం దిద్దించిన మాస్టారు ఎవరూ లేరు. తాత మాట్లాడుతుంటే విన్న తెలుగు, బస్సుల మీదా సినిమా పోస్టర్ల మీదా చూసి కూడబలుక్కున్న అక్షరాలు. అతను ఆ పేజీ రాయడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో ఊహించండి. మీ బడిలో పదేళ్ళు చదివి ఒత్తు మరిచిపోయినవాణ్ణి, బడే లేకుండా 'ళ' దాకా వచ్చినవాణ్ణి ఒకే ఎర్ర సిరాతో దిద్దితే ఎలా?

ఇక మిగిలిన నాలుగు సున్నాలు. 'ఙాపకం', 'సంతోశం' తప్పులే, ఒప్పుకుంటాను. 'ఙాపకం' అనే తప్పు హైదరాబాద్ పెళ్ళి పత్రికల్లో కూడా దర్జాగా అచ్చవుతోంది లెండి. కానీ 'చేసినాను', 'ఉండాది' తప్పులెలా అయ్యాయి మాస్టారూ? 'చేసినాను' నిఖార్సయిన రూపం, మనం కుదించుకుని 'చేశాను' అంటున్నాం. 'ఉండాది' చిత్తూరు, నెల్లూరు, చెన్నై దాకా జనం నోట నడిచే మాట. మీరు నెల్లూరు వారు. ఇంట్లో ఆవిడ కూర బాగా చేసిననాడు మీ నోటి నుంచి 'బాగుండాది' అని ఎన్నడూ రాలేదని నన్ను నమ్మమంటారా? యాసకూ అక్షరదోషానికీ తేడా చూడకుండా దిద్దితే అతనికి అందే కబురు 'నీ ఒత్తు తప్పు' అని కాదు, 'మీ తాత మాట్లాడిందే తప్పు' అని. తాత గుర్తుగా చేసిన పెన్నుతో రాసిన పేజీ మీద.

మీరు ఎగతాళి చేయలేదన్నారు. నమ్ముతాను. మీరు నవ్వలేదు, కానీ మీ సున్నాలు పడ్డాకే మిగతావాళ్ళు నవ్వారు. అప్పటిదాకా ఎవరూ నవ్వలేదని ఆ ఫొటో కింద ఉన్న వరస చూస్తేనే తెలుస్తోంది. పెద్దాయన వేలు చూపిస్తే గుంపు చూపు అటే తిరుగుతుంది. పెన్ను గురించి మాత్రం ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పాళీ ఎక్కడ కొన్నాడు, కడ్డీ ఎక్కడ దొరికింది, ఇంకు ఏ కంపెనీ, ఏమీ లేదు. పెన్నుల గ్రూపులో చేత్తో చేసిన పెన్ను పెడితే పెన్ను సంగతి ఎవరికీ పట్టలేదు. అడ్మిన్ అమ్మాయికి కోపం రావలసింది ముందు అక్కడ.

'అతనే కదా తప్పులుంటే క్షమించండి అన్నాడు' అని మీ వాదన. అవును, క్షమించమన్నాడు. దిద్దమనలేదు.

ఇక్కడ మా పని సంగతి కొంచెం చెప్పుకోవాలి. సీసం అక్షరాల రోజుల్లో కంపోజిటర్, అంటే ఆ అక్షరాలు పేర్చే మనిషి, మేటర్ కట్టాక పొడుగాటి కాగితం మీద గాలీ ప్రూఫు తీసేవారు. దానికి అటూ ఇటూ ఖాళీ ఉండేది. మేం ఆ ఖాళీలో గుర్తులు పెట్టేవాళ్ళం. ఒత్తు పడకపోతే ఒక గుర్తు, అక్షరం తిరగబడితే ఒకటి, మాట ఎగిరిపోతే ఒకటి. కాగితం మళ్ళీ కంపోజిటర్ దగ్గరికి వెళ్ళేది. దిద్దాక రెండో ప్రూఫు, ఆ తర్వాత పేజీ ప్రూఫు. పెద్ద పేరున్న రచయితల రాతల్లో కూడా ఎర్ర గీతలు నిండిపోయేవి. కానీ ఆ కాగితం ప్రెస్సు గడప దాటేది కాదు. చివరికి ఉప్పు పొట్లానికో, టేబుల్ కింద చెత్తబుట్టకో పోయేది. ఆ రచయితకు ఏ మాట దగ్గర తడబాటు ఉందో పాఠకుడికి ఎన్నటికీ తెలిసేది కాదు. ఇంకో సంగతి, దిద్దమని ఆ రచయితే ఇచ్చేవాడు, దిద్దినందుకు మాకు జీతమూ వచ్చేది. ఇవేవీ లేకుండా, అచ్చయి అందరి చేతికీ వచ్చిన పుస్తకం మీద ఎర్ర సిరా పోస్తే దాన్ని ప్రూఫు దిద్దడం అనరు.

మీ బడిలోనూ అంతే కదా. కాంపోజిషన్ పుస్తకాలు దిద్ది ఎవరి పుస్తకం వాళ్ళకే ఇచ్చేవారు. తరగతి గోడకు అంటించేవారు కాదు. వాట్సాప్ గ్రూపుకు మార్జిను లేదు. అక్కడ ఏది రాసినా గోడ మీద రాసినట్టే. కాబట్టి దిద్దాలనుకుంటే మార్జిను ముందు మీరే తయారు చేసుకోవాలి. అంటే అతనికి విడిగా మెసేజ్, అదీ అతను సరేనన్నాక.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అక్కడ మాత్రం మొహమాటపడకండి. మాట తప్పితే పని చెడే చోట అందరి ముందూ, వెంటనే చెప్పాలి. ఒకరు 'ఇండియన్ ఇంకు ఇంకు పెన్నులో పోయవద్దు' అని టైపు చేయబోతే, ఫోను 'వద్దు' మింగేసి 'పోయండి' అని పంపిందనుకోండి. ఆ ఇంకులో లక్క కలుపుతారు, ఎండితే పాళీ కింద సన్నటి దారులన్నీ పూడుకుపోతాయి. పెన్ను పోయినట్టే. 'చల్లటి నీళ్ళలో నానబెట్టండి' అనబోయి 'వేడి నీళ్ళలో' అని వేస్తే, అది చదివిన వాళ్ళ పాత ఎబొనైట్ పెన్ను నలుపు పోయి పాచి రంగుకు దిగుతుంది. ఇంకు పాళ్ళు, మిల్లీలీటర్లు, ధరల్లో సున్నాలు కూడా అంతే. ఇలాంటివి చూస్తే 'వద్దు అని ఉండాలి, అవునా అండీ?' అని ఒక్క ముక్క రాయండి. ఎవరూ నొచ్చుకోరు, పైగా దండం పెడతారు. 'సంతోశం' అని రాసినందుకు ఏ పెన్నూ పాడవలేదు.

మీ అసలు బాధ అది కాదని తెలుసు. వదిలేసుకుంటూ పోతే చెన్నైలో తెలుగు మిగులుతుందా అన్నారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు తమ మాతృభాష అని చెప్పుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. చెన్నైలో తెలుగు పత్రికలు, అచ్చాఫీసులు ఒకప్పుడు ఎలా వెలిగాయో మీకు చెప్పనక్కర్లేదు. బ్రౌన్ దొరగారి నిఘంటువు అచ్చయిందీ ఆ ఊళ్ళోనే. ఆ ఊళ్ళో ఇవాళ తెలుగు తగ్గుతున్నది ఒత్తులు పోయి కాదు, రాసేవాళ్ళు పోయి. మాట్లాడేవాళ్ళున్నారు. రాయమంటే భయం. తమిళంలో రాస్తే తప్పు రాదు, ఇంగ్లీషులో తప్పొచ్చినా ఎవరూ పట్టించుకోరు, తెలుగులో రాస్తే మాత్రం ఎవరో ఒకరు పట్టుకుంటారు. మరి ఏ భాషలో రాస్తారు? మీ గ్రూపులో ఒకరు తగ్గారు. నెల కిందటి దాకా తెలుగులో రాసిన మనిషి ఇప్పుడు తెలుగులో ఒక్క ముక్కా రాయడం లేదు. తప్పుల తెలుగు పోయింది, దాని స్థానంలోకి తప్పుల్లేని తెలుగు రాలేదు.

భాషాభిమానం అన్నప్పుడల్లా మనం గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకుంటాం. ఆగస్టు 29న మీరూ ప్రతి ఏడూ బడిలో ఆయన ఫొటోకు దండ వేసి ఉంటారు. ఆయనా తప్పులు పట్టారు, మామూలుగా కాదు, గంపలకెత్తారు. కానీ ఎవరి రాతల్లో? గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన మహా పండితుల రాతల్లో. మీరు పెట్టిన నియమాలు మీకే నిలవడం లేదు, మరి పిల్లల మీద ఎందుకు రుద్దుతారు అని అడగడానికి. కొండల్లోని సవరలకు మాత్రం వాళ్ళ భాష తాను నేర్చుకుని మరీ వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. పెద్దవాళ్ళ తప్పులు బజారున పెట్టి, నేర్చుకునేవాళ్ళ దగ్గర కూర్చున్న మనిషి. మనలో చాలామందిమి తిరగేసి పట్టుకున్నాం.

ఇంకోటి కూడా. మీరు చిన్నప్పుడు చదివిన పుస్తకాల్లో అరసున్నలు, బండి 'ఱ'లు ఉండేవి. నూరు అని రాస్తే ఆనాటి పండితుడు మీ చెవి మెలేసి 'నూఱు' అని దిద్దించేవాడు. ఇవాళ మీరు ఆ 'ఱ' రాయడం లేదు, పిల్లల చేత రాయించనూ లేదు. మీ అంబత్తూరు కుర్రాడికి ఆ 'ఱ' తమిళంలో రోజూ అలవాటే. ఎప్పుడైనా పొరపాటున 'నూఱు' అని రాస్తాడేమో చూస్తూ ఉండండి. దానికి మాత్రం సున్నా చుట్టకండి!

మీ గ్రూపులో ఒత్తులు తప్పేవాళ్ళందరూ ఒక బాపతు కాదని కూడా గుర్తుంచుకోండి. కొందరు ట్రాఫిక్‌లో ఆటో ఆగినప్పుడు ఫోనుతో మాట్లాడి రాయిస్తారు. ఫోను దానికి తోచింది వేస్తుంది. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఫోను తెలుగు చేసి ఇస్తుంది, అక్కడ ల, ళ ఏది వస్తే అది. కొందరికి అక్షరాలు తారుమారుగా కనిపించే ఇబ్బంది పుట్టుకతోనే ఉంటుంది, అది ఎవరికీ చెప్పుకోరు. చేత్తో రాసిన పేజీ అయితే ఫోను మీదికి నెట్టే వీలు కూడా లేదు. అది రాసినవాడి సొంత చెయ్యి, అందుకే అక్కడ దెబ్బ ఎక్కువ తగులుతుంది.

ఇప్పుడు ఏం చెయ్యాలి అంటారు. ముందు ఆ కుర్రాడికి విడిగా రాయండి. పొడుగాటి క్షమాపణ వద్దు. పెద్దవారు అంతగా వంగితే అతనికి ఇంకా ఇబ్బంది, ఏం జవాబివ్వాలో తోచదు. ఇలా రాయవచ్చు:

'బాబూ, నీ పెన్ను ఫొటో మళ్ళీ చూశాను. అప్పుడు పెన్ను సంగతి అడగకుండా అక్షరాలు పట్టుకున్నాను, అలా చెయ్యకుండా ఉండాల్సింది. మరలు ఎంత బాగా కుదిరాయి! ఆ చారల కడ్డీ ఎక్కడ దొరికింది? పాళీ ఏది వేశావు? మీ తాతగారి జ్ఞాపకంగా చేశానన్నావు, ఆయన పెన్ను ఇంకా ఉందా? ఉంటే ఆ ఫొటో కూడా పెట్టు.'

చూశారా, 'జ్ఞాపకం' అని సరిగ్గా రాసి అతని కంటి ముందు పెట్టారు. దిద్దినట్టూ లేదు, దిద్దకుండా వదిలేసినట్టూ లేదు. తెలుగు నేర్చుకోవాలన్న ఆశ ఉన్నవాడు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. తర్వాతి పేజీలో జ్ఞ ఎక్కడ నుంచి వచ్చిందో మీకూ అతనికీ మాత్రమే తెలుస్తుంది. గ్రూపులో కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఎవరైనా 'బాష' అంటే, మీ జవాబులో ఎక్కడో 'భాష' అన్న మాట సహజంగా పడనివ్వండి. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. నక్షత్రం గుర్తు పెట్టి పక్కన సరైన మాట వేసే అలవాటు ఉంది చూశారూ, దాన్ని మానేయండి. అది చూడటానికి చిన్నదే గానీ, తెరిచి చూసేసరికి చెంప మీద చురుక్కుమంటుంది.

మీ దగ్గర మొరాయిస్తున్న పాత పెన్ను ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఇంకు పెన్నుల పిచ్చి ఉన్నవాళ్ళింట్లో కారే పెన్ను లేకుండా ఉండదు. రాజమండ్రి రత్నం పెన్నో, చెన్నై ప్యారీస్ కార్నర్‌లో ఎప్పుడో కొన్నదో. దాన్ని బాగు చెయ్యగలవా అని ఆ కుర్రాణ్ణి అడగండి. మరల మీద సిలికాన్ గ్రీజు రాస్తే చాలా, మళ్ళీ తొలవాలా అన్నది చేత్తో పట్టుకుంటే అతనికి తెలుస్తుంది. డబ్బిచ్చి చేయించుకోండి, ఊరికే వద్దు. అతని పనికి మీరు కట్టే విలువ అతనికి కనిపించాలి. మనిషి పరిచయమయ్యాక, 'నా రాతలో తప్పులుంటే చెప్పండి సార్' అని అతనే అడిగే రోజు రావచ్చు. రాకపోనూవచ్చు. వస్తే, ఒకసారికి ఒక్కటే చెప్పండి. ఐదు సున్నాలు ఒకేసారి చూస్తే ఏ ఒక్కటీ గుర్తుండదు, అవమానమొక్కటే గుర్తుంటుంది. ఒత్తు ధ ఒకవారం, జ్ఞ ఇంకోవారం. 'ఉండాది' జోలికి వెళ్ళకండి.

అడ్మిన్ అమ్మాయి విషయంలో నాకు మీ మీద కొంత సానుభూతి ఉంది. ఆమె ఉద్దేశం మంచిదే, కానీ ఇన్నేళ్ళు తెలుగు చెప్పిన మనిషిని 'భాష గురించి మాట్లాడకండి' అంటే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది? నోరు మూయించడం ఆమెకు తేలిక, ఎవరు నవ్వారో వాళ్ళను నిలదీయడం కష్టం. ఆ కష్టం ఆమె పడలేదు. అందుకని గ్రూపు వదిలిపోవద్దు. వదిలితే అలిగి పోయారంటారు, అంతటితో సరి.

ఆమెకు ఫోన్ చేసి రెండు సంగతులు మాట్లాడండి. ఒకటి, అడగనిదే ఎవరి రాతా గ్రూపులో దిద్దను, పెన్ను పాడయ్యే పొరపాటయితే తప్ప. ఇది మీరిచ్చే మాట. రెండోది మీరు కోరేది. వారానికి ఒక పేజీ, ఆదివారం పొద్దున, మీ చేత్తో మీకిష్టమైన పెన్నుతో రాసి పెడతానని చెప్పండి. పాఠం కాదు. ఫలానా వారి తప్పు అన్న ఊసే ఉండకూడదు. ఏదో నెల్లూరు సంగతి, చిన్నప్పుడు ఇంకు బిళ్ళలు నీళ్ళలో కరిగించుకున్న సంగతి, మీ ఊరి మొలగొలుకుల బియ్యం సంగతి, ఏదైనా సరే. ఒత్తులు ఎక్కువ పడే మాటలు కావాలని నాలుగు కలపండి, మీకు చెప్పాలా! మీ దస్తూరి ఎలా ఉంటుందో మీ ఉత్తరం కవరు మీద చూశాను. ఆ ధ, భ, ఘ లను చూసి రాసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆమె కుదరదంటే దిద్దుళ్ళు మానేయండి, ఆదివారం పేజీ మాత్రం పెట్టండి. కొత్త ఇంకు నింపినవాళ్ళెవరైనా పేజీ పెట్టవచ్చన్నది ఆ గ్రూపులో ఉన్న అలవాటే కదా, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.